మా ఊరికి యంత్రం తెచ్చిన కాలువ

మా స్టాఫ్ రూములో ఉన్న కుర్చీలన్నిట్లో నాది ఒక్కటే కాలేజీ సొత్తు కాదు. టేకు కర్రతో చేసింది, వెడల్పాటి చేతులు, వీపు నిటారుగా పెడితే తప్ప కూర్చోనివ్వదు. ఆలూరు దగ్గర మా ఊళ్ళో ఒకప్పుడు మాకు 'పెద్దిల్లు' ఉండేది. ఇప్పుడు ఆ స్థలంలో పత్తి తూకం వేసే రేకుల షెడ్డు ఉంది. ఇల్లు పోయినా పేరు పోలేదు. ఊరివాళ్ళు బస్సులో ఇప్పటికీ "పెద్దింటికాడ ఆపప్పా" అంటారు, కండక్టరు సరిగ్గా షెడ్డు ముందే ఆపుతాడు. ఆ ఇంటి నుంచి నా వంతుకు వచ్చింది ఈ కుర్చీ. ఒక కాలు పొట్టి కాబట్టి కింద చిన్న కడప బండ ముక్క పెట్టాను. ఇందులో కూర్చుని మా తాత పది ఊళ్ళ తగవులు తీర్చేవాడు. నేను కూర్చుని డిగ్రీ పిల్లల చరిత్ర పేపర్లు దిద్దుతాను. కూర్చునే తీరులో మాత్రం ఇద్దరికీ తేడా లేదని నా అభిప్రాయం.

కర్నూలులో మా కాలేజీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. మా ప్రిన్సిపాలుది బద్వేలు. మంచి మనిషి. లోకంలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా అది పక్క కాలేజీకి పోయేలోపు మన కాలేజీలో ఉండాలన్నది ఆయన పట్టుదల. వేలిముద్రల హాజరు యంత్రం కర్నూలు కాలేజీలన్నిట్లోకీ ముందు మాకే వచ్చింది. సుద్ద పట్టిన వేళ్ళను అది గుర్తుపట్టలేక, బోర్డు మీద బాగా రాసే లెక్చరర్లందరినీ కొన్నాళ్ళు గైర్హాజరు చేసింది. అలాంటి మనిషి చెవిన కృత్రిమ మేధ పడకుండా ఉంటుందా?

ఏదో మీటింగుకు పోయివచ్చి, బ్యాగు దించకుండానే స్టాఫ్ రూములోకి వచ్చాడు.

"సార్, ఇంగ మనం యెనకబడితే లాభం లే. అన్ని కాలేజీలూ ఏఐ పెట్టేస్తాండాయి. మనం గూడా పెట్టాల."

"ఎక్కడ పెడతారండీ?" అన్నాను. అది ఒకచోట పెట్టే వస్తువు కాదని తెలిసే అడిగాను.

"ఆటల గది ఖాళీగానే ఉండాది గదా" అన్నాడు.

అలా ఆటల గది 'కృత్రిమ మేధ కేంద్రం' అయింది. క్యారమ్ బోర్డు వరండాలోకి వచ్చింది. గదికి ఏసీ పెట్టారు, ఆ తర్వాత రెండు కంప్యూటర్లు పెట్టారు. ఎండాకాలం మొదలయ్యాక ఆ గదిలో కృత్రిమ మేధ మీద ఆసక్తి ఉన్న అధ్యాపకుల సంఖ్య బాగా పెరిగింది. నేను మాత్రం నా కుర్చీ వదల్లేదు.

యంత్రం ముందుగా మా ఆఫీసు ప్రకటనలు రాయడం మొదలుపెట్టింది. మహానంది విహారయాత్రకు పిల్లలను పిలుస్తూ వేసిన మొదటి ప్రకటనలో 'విద్యార్థులు వెచ్చని దుస్తులు వెంట తెచ్చుకోగలరు' అని ఉంది. అది ఏ హిమాలయ యాత్ర ప్రకటనో చదివి నేర్చుకున్నట్టుంది. ప్రిన్సిపాలు సంతకం పెట్టిన మాట కదా అని ఫస్టియరు పిల్లవాడొకడు నిజంగానే స్వెట్టరు తెచ్చుకున్నాడు. పాపం, కోనేట్లో మునిగినవాళ్ళందరి చొక్కాలకూ ఆ స్వెట్టరే మూట అయింది.

తర్వాత మాకు శిక్షణ పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన యువకుడు అందరి చేతా యంత్రానికి ఒక ప్రశ్న రాయించాడు. నాకు మొదట్లోనే చిక్కొచ్చింది. దాన్ని నువ్వనాలా, మీరనాలా? పరిచయం లేని వాళ్ళను మీరనడం మా ఇంటి అలవాటు కనుక "అయ్యా, కర్నూలు కోట గురించి దయచేసి తెలియజేయగలరు" అని రాశాను.

యువకుడు నా భుజం మీదుగా చూసి నవ్వాడు. "సార్, దానికి అర్జీ పెట్టక్కర్లేదు. ఆర్డరేయండి, చాలు."

ఆజ్ఞాపించడం మా ఇంటి విద్యే. రెండు తరాలుగా వాడక తుప్పు పట్టింది, అంతే. "కోట గురించి రాయి" అన్నాను. అది వెంటనే "ఎంత చక్కని ప్రశ్న అడిగారు!" అని మొదలుపెట్టింది. నాకు మా తాత వసారా గుర్తొచ్చింది. ఆయన నోరు తెరవగానే "ఎంత మాట, ఎంత మాట" అనడానికి ఒక మనిషి ఎప్పుడూ స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడట. అతనికి ఏటా గింజలు కొలవాల్సి వచ్చేది. ఇది కరెంటుతో సరిపెట్టుకుంటోంది.

ఇంతవరకూ నాకు యంత్రంతో పేచీ లేదు. యంత్రం మా ఊరి జోలికి రావడంతో పేచీ వచ్చింది.

మా మూడో సంవత్సరం పిల్లలు తమ ఊరి మీద సర్వే చేసి ఒక నివేదిక రాయాలి. ఇంటింటికీ పోయి అడగాలి, ఊరి చరిత్ర కనుక్కోవాలి. చివర్లో బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నోటి పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే డిగ్రీ చేతికి రాదు. ఆ ఏడు నా దగ్గర నివేదిక రాస్తున్నవాళ్ళలో మా ఊరి అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ళ వీధి పెద్దింటికి దిగువన. తల్లీతండ్రీ కూలిపని. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, బి.ఇడి. చేసి టీచరు కావాలని ఆశ. తెలివైన పిల్ల. నన్ను చూస్తే భయం, ఆ భయం పక్కనే చిన్న నవ్వు.

ఆ అమ్మాయి నివేదిక తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అట్ట మీద రంగుల బొమ్మ. నిండుగా పారే కాలువ, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, పచ్చని వరి, వెనక గుమ్మటాలున్న రాజభవనం. కింద మా ఊరి పేరు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. మా ఊరే.

లోపల ఇంకా బాగుంది. 'ప్రకృతి ఒడిలో ఒదిగిన ఈ సుందర గ్రామంలో ప్రజలు ఏడాది పొడవునా పాడిపంటలతో ఆనందంగా జీవిస్తున్నారు' అని మొదలైంది. తర్వాత మా వంశం. 'ఈ గ్రామాన్ని పాలించిన మహోన్నత వంశీయులు తవ్వించిన జలాశయం నేటికీ వేలాది ఎకరాలను సస్యశ్యామలం చేస్తోంది. వారి త్యాగనిరతి ప్రజల గుండెల్లో చిరస్థాయిగా నిలిచిపోయింది.'

చదివాను. మళ్ళీ చదివాను. మా గురించి ఇంత మంచి మాట ఎవరైనా రాసి చాలా కాలమైంది. పుట ఎర్ర సిరాతో కొట్టేయడానికి కలం తీసి, మూత తియ్యకుండా కాసేపు పట్టుకున్నాను.

"ఏమ్మా, మన ఊళ్ళో కాలువ ఎక్కడుంది?"

"లేదు సార్."

"కొబ్బరిచెట్లు?"

"ఆంజనేయస్వామి గుడికాడ ఒగటి పెట్టినారు సార్. చచ్చిపోయింది."

"మరి ఇదంతా ఎట్లా రాశావు?"

"నేను రాయలేదు సార్. అది రాసింది."

"పెద్దింటి సంగతి కూడా అదే రాసిందా?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. "అది మాత్రం నేను చెప్పినా సార్. మా సార్ వాళ్ళ ఇల్లు, శానా గొప్పగా రాయమని. మీరు సంతోషపడతారని."

సంతోషపడ్డాను కూడా. ఆ మాట పైకి అనలేదు. "ఇంటింటికీ పోయి అడగమన్నాను కదా?" అన్నాను.

"యాడుండారు సార్ అడగనీకి? అందరూ సుగ్గికి పోయినారు. మా వీధిలో అన్నిండ్లకూ బీగాలే. కుక్కలుండాయి. వాటినడగాల్నా సార్?"

మా పడమటి ఊళ్ళలో వానల పంట చేతికి రాగానే, లేదా రాదని తేలగానే, ఇంటికి తాళం వేసి పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరప చేలల్లో కాయ కోయడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. తిరిగి రావడం ఉగాది ముందర. మా సర్వే నెలలు సరిగ్గా అవే. ఆ క్యాలెండరు వేసిన పెద్దలకు ప్రజలు ఏడాది పొడవునా ఇంట్లోనే ఉంటారని నమ్మకం. యంత్రానికీ అదే నమ్మకం. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నట్టున్నారు.

నేను ఇంకా ఏమీ తేల్చకముందే ప్రిన్సిపాలు లోపలికి వచ్చాడు. బల్ల మీది బొమ్మ చూశాడు, పుటలు తిప్పాడు.

"ఏం సార్, మీ వంశం గురించి ఇంత ఉండాదని మాకు చెప్పనే లేదే! ఈ బొమ్మ మన ఏఐ కేంద్రంలో పెట్టిద్దాం. ఎవురొచ్చినా చూపియ్యొచ్చు."

"అది తప్పండీ. మా ఊళ్ళో కాలువే లేదు."

"తప్పేముండాది సార్? పొగిడింది గదా. తిట్టింటే మార్పిచ్చేవాళ్ళం."

ఆ సాయంత్రానికే బొమ్మ చట్రం బిగించుకుని ఏసీ గదిలో గోడెక్కింది.

ఇక్కడ మా తాత బావి సంగతి చెప్పాలి. యంత్రం చెప్పిన జలాశయానికి మూలం ఏదైనా ఉందంటే అదే. మా చేలో పెద్ద గుంత ఉంది. లోపల మేకలు ఎండకు పడుకుంటాయి. మా ఇంట్లో దాన్ని 'తాతగారి బావి' అంటారు. తాత కరువులో ఊరి కోసం తవ్వించాడనీ, కూలికి మంచి జొన్నలు కొలిచాడనీ, పాతాళగంగ పొంగిందనీ, ఎవరి దిష్టో తగిలి ఇంకిపోయిందనీ మా నాయన నాకు చెప్పాడు. మా ఆస్తి ఆ బావిలోకే పోయిందని కూడా చెప్పాడు, కానీ ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో దిగులు ఉండేది కాదు. ధర్మానికి పోయింది కదా అన్న ధీమా ఉండేది. ఊళ్ళో దాన్ని ఏమంటారో నేనెప్పుడూ అడగలేదు. పెద్దింటివాళ్ళు ఊరిని అడగరు. ఊరే వచ్చి చెప్పాలి.

మరుసటి రోజు ఆ అమ్మాయిని పిలిచి, నివేదిక మళ్ళీ రాయాలన్నాను. ముఖం పాలిపోయింది.

"నోటి పరీక్ష వచ్చే వారమే గదా సార్. రాయకపోతే ఫెయిలైపోతా. డిగ్రీ పోయిందంటే మా నాయన ఒగటే మాటంటాడు, వచ్చే ఏడు నువ్వు గూడా సుగ్గికి రా అని. పోనీ సార్, దాన్నే పెట్టేద్దాం. మీకు గూడా మంచిదే గదా."

"నాకు మంచిది. ఆ పరీక్షకుడు కాలువ లోతెంతని అడిగితే నీకు మంచిది కాదు. మీవాళ్ళ దగ్గర ఫోనుందా?"

"ఉండాది సార్."

"అయితే ఊరు ఎక్కడికి పోయిందో అక్కడే అడుగుదాం."

మధ్యాహ్నం, మిరప చేలో అన్నం వేళకు, నా బల్ల మీద ఫోను పెట్టి స్పీకరు వేసింది. అవతల ఆ అమ్మాయి అవ్వ. కాయ కోసే వయసు దాటిపోయినా, అక్కడ అందరికీ బువ్వ వండడానికి పోతుందట. గాలి హోరు, గిన్నెల చప్పుడు, ఎవరో దగ్గు. సర్వే మొదలైంది.

"అవ్వా, మనింట్లో ఎన్ని గదులుండాయో చెప్పు."

"ఈడనా, ఆడనా?"

"యాడైతేనేమి, చెప్పు."

"ఈడైతే పట్ట కిందుండాం. ఆడైతే బీగమేసినాం. గదులు యాడివే?"

నేను వేలుతో సైగ చేశాను, అలాగే రాసుకోమని. అవ్వకు అడిగేవాళ్ళు దొరికారు, ఇక ఆగలేదు. టార్పాలిన్ పట్టలతో గుడిసెలు ఊళ్ళో వీధుల వరుసలోనే వేసుకున్నారట. ఊళ్ళో ఎవరి పక్కన ఎవరుంటే అక్కడా వాళ్ళే. గుంటూరు చేలో మా ఊరు మొత్తం ఉంది, పెద్దిల్లు ఒక్కటి తప్ప. ఒక్కో గుడిసె నుంచి ఒకరొకరు ఫోను దగ్గరికి వచ్చి ఏమి పండిందో, ఏమి పండలేదో చెప్పారు. చివర్లో ఆ అమ్మాయి నా వైపు చూసి, నేను తల ఊపాక అడిగింది.

"అవ్వా, పెద్దింటి బావి సంగతి చెప్పు."

"యా బావి?"

"అదే, పెద్దింటోళ్ళ చేలో ఉండేది."

"ఓ, దొర గుంతనా! దాన్ని బావి అనేది ఆ ఇంటోళ్ళొగరే." అవతల నలుగురైదుగురు నవ్వారు. "నీళ్ళు చూసేటోడు టెంకాయ పట్టుకొని చేనంతా తిరిగి, ఈడ లేవు సామీ, ఆ పడమటి గట్టు మీద ఉండాయన్నాడంట. ఆ గట్టు వేరేవాళ్ళది. వాళ్ళకూ ఈయప్పకూ పడదు. 'నా చేలో లేని నీళ్ళు వాని చేలో యట్లుంటాయిరా?' అని ఈడనే తవ్వమన్నాడు. బండ తగిలింది. పగలగొట్టమన్నాడు. కింద ఇంగో బండ. అట్ల తవ్వి తవ్వి—"

ఆ అమ్మాయి ఫోను మీదికి వంగింది. "అవ్వా! సార్ ఈడే ఉండాడు."

"యా సారు?"

"పెద్దింటి సార్."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఉంటే ఉండనీలే. ఏం సామీ, బాగుండావా? సన్నపిల్లోడప్పుడు నువ్వు ఆ గుంతలో జారితే మా ఇంటాయనే ఎత్తుకొచ్చినాడు, ఎరుకనా నీకు?"

"లేదవ్వా" అన్నాను. నిటారుగానే కూర్చున్నాను. "నీళ్ళు పడి, తర్వాత ఇంకిపోయాయని విన్నాను."

"పడుంటే గదా ఇంకేదానికి! చెమట చుక్కలు పడినాయి సామీ, అంతే. మా యమ్మ ఆ గుంతలో మన్ను మోసింది, నన్ను గట్టున జోలెలో వేసి."

"కూలి ఏమిచ్చేవాళ్ళు?" అని అడిగాను. అది సర్వే ప్రశ్నల్లో లేదు.

"జొన్నలు. పుచ్చు జొన్నలు సామీ, చెరిగితే సగం పురుగే. మా యమ్మ సచ్చిందాకా తిట్టుకుంటానే ఉండె. అయినా ఆ కరువులో ఎవురిచ్చిరి? ఎవురూ ఈలేదు. ఆయప్పే ఇచ్చినాడు. పుచ్చువి."

అన్నం వేళ అయిపోయింది, ఫోను పెట్టేశారు. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ నా ముఖం వైపు చూడకుండా పోయింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. మా తాతను పొగడ్తతో గుర్తు పెట్టుకున్నవాళ్ళు చచ్చిపోయారు, తిట్టుతో గుర్తు పెట్టుకున్నవాళ్ళు గుంటూరు దాకా మోసుకుపోయారు. ఏది ఎక్కువ గౌరవమో అప్పటికప్పుడు తేలలేదు.

కొత్త నివేదిక వచ్చింది. అవ్వ మాటలు అలాగే టైపు చేసిందట, కానీ 'మంచి తెలుగు'లో ఉండాలని మళ్ళీ యంత్రానికి ఇచ్చిందట. అలవాటైన చేయి కదా. అది దిద్దిపెట్టింది. పట్ట గుడిసెలు 'తాత్కాలిక వసతి గృహాలు' అయ్యాయి. దొర గుంత 'వర్షపు నీటి సంరక్షణ కట్టడం' అయింది. ఇక కూలి దగ్గర ఏముందంటే, 'శ్రామికులకు పోషక విలువలు సమృద్ధిగా ఉన్న చిరుధాన్యాలను పంపిణీ చేసేవారు'. పురుగుల్లో మాంసకృత్తులు ఉంటాయి కనుక అది అబద్ధమని కూడా అనలేం.

పగలబడి నవ్వాను. నేను నవ్వడం ఆ అమ్మాయి అదే మొదటిసారి చూసినట్టుంది, రెండడుగులు వెనక్కి వేసింది. నవ్వు అయ్యాక, నిజం చెప్పాలంటే, ఆ ఒక్క వాక్యం ఉంచేద్దామా అనిపించింది. నీళ్ళు పడలేదని ఒప్పుకుందాం, జొన్నలైనా మంచివి కాకూడదా?

"అవ్వ ఏమంది?" అని అడిగాను.

"పుచ్చు జొన్నలని సార్. కానీ పెద్దింటి గురించి అట్ల రాస్తే బాగుండదేమోనని..."

"ఏమందో అదే రాయి. ఎట్లా అందో అట్లా."

నోటి పరీక్ష ఏసీ గదిలో పెట్టారు. కడప నుంచి వచ్చిన పరీక్షకుడు పలుచటి మనిషి, మాట మెత్తన, మార్కులు గట్టి. ఆయన కూర్చున్నది సరిగ్గా ఆ కాలువ బొమ్మ కింద. పక్కన ప్రిన్సిపాలు, తలుపు దగ్గర నేను. ఉదయం నుంచి ఆయన పిల్లలందరి నివేదికల్లోనూ గలగల పారే ఏర్లు దాటుకుంటూ వచ్చి అలసిపోయాడు. మా అమ్మాయి వంతు వచ్చింది. ఆయన చదివాడు. మొదట కనుబొమలు లేచాయి. తర్వాత నవ్వాడు. తర్వాత పుస్తకం మూశాడు.

"చూడమ్మా, ఇది శానా బాగుండాది. అదే నా అనుమానం. మట్టివాసన వచ్చేట్టు రాయమంటే ఏఐ ఇప్పుడు ఇట్లే రాస్తాది. ఎన్ని కాలేజీల్లో చూడలేదు నేను! నీళ్ళు లేవని చెప్పినా పంతానికి ఆస్తంతా పెట్టి గుంత తవ్వించే మనిషి యాడైనా ఉంటాడా? ఈ పుచ్చు జొన్నలు చూడు, సగం పురుగే అంట. ఇట్లాంటివి అదే కల్పిస్తాది. పైన గోడ మీద చూస్తే మీ ఊరికి కాలువుండాది, ఈడ చూస్తే గుంతుండాది. యాది నమ్మాల?"

ఆ అమ్మాయి అబద్ధం రాసుంటే గట్టెక్కేదేమో, నిజం రాసి మునిగేలా ఉంది. చేతిలో పెన్ను మూతను తిప్పుతూ నా వైపు చూసింది. ఆ చూపులో డిగ్రీ ఉంది, బి.ఇడి. ఉంది, గుంటూరు బస్సూ ఉంది.

ప్రిన్సిపాలు అందుకున్నాడు. "ఆ వంశం మా సార్ వాళ్ళదే సార్! శానా పేరున్న కుటుంబం. అడగండి, ఇట్లాంటిదేమీ లేదని ఆయనే చెప్తాడు."

పరీక్షకుడు నా వైపు తిరిగాడు. "అట్లనా! అయితే మీరే చెప్పండి సార్. ఇది నిజమేనా?"

నేను లేచి నిలబడ్డాను. "నిజమే. తవ్వించింది మా తాత."

"నీళ్ళు పడలేదా?"

"పడ్డాయని మా ఇంట్లో చెప్పారు." పెన్ను మూత తిరగడం ఆగింది. "పడలేదు."

"మరి ఈ జొన్నలు?"

ప్రిన్సిపాలు నన్ను ఆదుకోవాలని కళ్ళతోనే ఏదో చెబుతున్నాడు, 'మంచివే అనండి సార్' అని కాబోలు.

"మంచి జొన్నలని మా ఇంట్లో చెప్పారండీ. కానీ మా ఇంట్లోవాళ్ళు వాటిని తినలేదు. తిన్నవాళ్ళు పుచ్చువన్నారు. నివేదికలో వాళ్ళ మాట ఉండటమే సబబు."

పరీక్షకుడు పుస్తకం మళ్ళీ తెరిచాడు. "సరే. ఒగ ప్రశ్న, ఇందులో లేనిది. ఏమ్మా, సుగ్గికి పోయినకాడ గూడా గుడిసెలు వీధుల వరసలోనే వేసుకుంటారని రాసినావే, ఏంటికి?"

ఆ అమ్మాయి ఆలోచించనే లేదు. "పక్కింటోళ్ళతో ఆడ గూడా కొట్లాడాల గదా సార్. కొత్తోళ్ళతో యట్ల కొట్లాడేది? పాత తగువంతా మొదలు కాన్నుంచి చెప్పుకోవాల్సి వస్తాది."

పరీక్షకుడు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. తల వెళ్ళి కాలువ బొమ్మకు తగిలింది. "ఇది మాత్రం అది రాయలేదు లే" అని మార్కు వేశాడు. ఎంతో నేను చూడలేదు. ఆ అమ్మాయి బయటికి వచ్చి వరండాలోని క్యారమ్ బోర్డును రెండు చేతులతో టపటపా కొట్టింది కాబట్టి గట్టెక్కిందని తెలిసింది.

ఉగాది దాటాక ఒక రోజు అవ్వ కాలేజీకి వచ్చింది, మనవరాలు వెంట. నాకని గుడ్డసంచిలో ఎండుమిరపకాయలు తెచ్చింది. పురుగు లేదు, చూసుకో సామీ అని ఇచ్చింది. మా పిల్ల ఇంగ సుగ్గికి రాదంట, పంతులమ్మ అవుతాదంట అని చెప్పి, అది ఫిర్యాదో గర్వమో తెలియనివ్వకుండా నవ్వింది. ఎండలో వచ్చింది కదా అని చల్లగా కూర్చోబెట్టడానికి ఏసీ గదిలోకి తీసుకుపోయాను. కూర్చోలేదు. బొమ్మ దగ్గరికి పోయి నిలబడింది.

"ఇది యా ఊరు సామీ?"

"మన ఊరేనవ్వా."

తల అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్ని నీళ్ళుంటే మేం సుగ్గికి పోయేదేంటికి? ఆ గుమ్మటాల మేడ ఏంది?"

"పెద్దిల్లు."

"ఓయమ్మా." కొంగుతో నోరు మూసుకుంది, భుజాలు కదిలాయి. మనవరాలు వద్దన్నట్టు కొంగు పట్టి లాగుతోంది. అవ్వ వినకుండా వేలు పెట్టి కాలువ వెంట వెనక్కి, వెనక్కి గీసుకుంటూ పోయింది. బొమ్మ అంచు దగ్గర ఆగింది.

"ఈ కాలువ పడమటి గట్టు మీంచి గదా వస్తాండేది? ఆ గట్టు వాళ్ళది." నా వైపు తిరిగి జాలిగా తల ఊపింది. "మీ తాత ఈ నీళ్ళు ముట్టడు సామీ."